విదేశాల్లోని మిషన్ బడిలో ఆటల బాధ్యత: అదేం పని, ఎవరికి తగిన పని?

సంఘం ఆఫీసుకు వచ్చే ప్రశ్నలు చాలావరకు పాతవే. కులం సర్టిఫికెట్టుకు ఏ ఊరి రికార్డు తేవాలి, ఇంటిపేరు మరాఠీలో ఒకలా తెలుగులో ఒకలా పడితే ఏం చేయాలి, కార్పొరేషన్ తెలుగు బడిలో పదో తరగతి చదివిన పిల్లకు కాలేజీలో సీటు ఎలా, ఇలాంటివి. ఈ మధ్య వాటి నడుమ ఒక కొత్త ప్రశ్న వచ్చి చేరింది. బి.పి.ఎడ్. చదివిన అబ్బాయో అమ్మాయో ఇంట్లో ఒక కాగితం చూపిస్తున్నారు. విదేశంలో ఒక క్రైస్తవ అంతర్జాతీయ బడి ఉందట, అక్కడ రెండేళ్లు సేవ కింద ఆటల కోఆర్డినేటర్‌గా ఉండాలట. పెద్దవాళ్లు ఆ కాగితం పట్టుకుని మా దగ్గరికి వస్తున్నారు. "పిల్లల్ని ఆడించడానికి అంత దూరమా? జీతం ఎంతరా అంటే సరిగ్గా చెప్పడు. ఇది ఉద్యోగమా, భజనా?" అని ఒక తండ్రి అడిగారు. ప్రశ్న మోటుగా ఉన్నా న్యాయమైనదే. ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి, చదివీ కనుక్కునీ తెలుసుకున్నది అందరికీ ఒకేసారి చెబుదామని ఇది రాస్తున్నాం. పంపడం, పంపకపోవడం ఇంటివాళ్ల ఇష్టం.

ఆ బడులు ఎందుకు పుట్టాయో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్, అమెరికాల నుంచి చైనాకు, ఇండియాకు, ఆఫ్రికాకు వచ్చిన మిషనరీలు పిల్లలకు చదువు వయసు రాగానే ఓడెక్కించి స్వదేశం పంపేవారు. మళ్లీ చూసుకునేది ఏళ్ల తర్వాతే. ఈ బాధ మనకు కొత్తది కాదు. మొదటి తరంలో సాంచల మీద పనికి భివండీ వచ్చినవాళ్లు పిల్లల్ని కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల్లో అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో వదిలి వచ్చిన ఇళ్లు పద్మనగర్‌లో ఎన్ని లేవు! వాళ్లు ఆ ఎడబాటుకు కనుక్కున్న మందు, తాము పనిచేసే దేశంలోనే బడి పెట్టుకోవడం. చైనా సముద్ర తీరంలో చీఫూ అనే చోట 1881లో అలాంటి బడి ఒకటి మొదలైంది. కెన్యాలో రిఫ్ట్ వ్యాలీ అకాడమీ 1906 నాటిది. వియత్నాంలోని దలాత్ కొండల్లో 1929లో పెట్టిన బడి యుద్ధం వల్ల చోట్లు మారి చివరికి మలేషియాలోని పెనాంగ్‌లో స్థిరపడింది, పేరు మాత్రం ఇంకా దలాతే. ఊరు మారినా పాత ఊరి పేరు వదలకపోవడం మనకు తెలియని సంగతా!

మన దేశంలో కొడైకెనాల్ బడి కూడా ఇలాంటిదే. 1901లో హైక్లెర్క్ అనే పేరుతో మొదలైన ఆ బడి నేటి కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్. దానికి తెలుగుదేశంతో చుట్టరికం ఉంది. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు వైపు పనిచేసిన అమెరికన్ మిషన్ల వాళ్లు తమ పిల్లలను అక్కడికి పంపేవారు. ఇంట్లో ఇంగ్లీషు, వాకిట్లో తెలుగు, బడి ఏమో తమిళనాడు కొండ మీద. మన మనవళ్ల పరిస్థితి దీనికి మరీ దూరం కాదు: ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, ప్రభుత్వ ఆఫీసులో మరాఠీ, బడిలో ఇంగ్లీషు.

నేడు ఆ బడుల్లో మిషనరీల పిల్లలే కాదు, దౌత్య ఉద్యోగుల, వ్యాపారుల పిల్లలు, ఆ దేశపు పిల్లలూ చదువుతారు. అందరిలో ఉండే సమస్య ఒకటే. తల్లిదండ్రుల పనిని బట్టి రెండు మూడేళ్లకోసారి ఊరు మారుతుంది. సంవత్సరం మధ్యలో ఒక పిల్ల వస్తుంది, ఆమెకు ఎవరూ తెలియదు, భాష అంతంత మాత్రం. లెక్కల క్లాసులో స్నేహం కుదరడానికి నెలలు పట్టవచ్చు, వాలీబాల్ కోర్టులో ఒక సాయంత్రం చాలు. అందుకే ఆ బడుల్లో ఆటలు అదనపు ముచ్చట కాదు, కొత్త పిల్ల నిలదొక్కుకోవడానికి ఉన్న మొదటి మెట్టు. కోఆర్డినేటర్ పని విలువ అక్కడుంది.

కోఆర్డినేటర్ అంటే కోచ్ కాదు. కార్ఖానా భాషలో చెప్పాలంటే కోచ్ సాంచ నడిపేవాడు, కోఆర్డినేటర్ జాబర్. జాబర్ ఒక్క సాంచ మీదా గుడ్డ నేయడు. కానీ ఆయన రాని రోజు షెడ్డులో ఎన్ని సాంచలు ఆగిపోతాయో మనకు తెలుసు.

అమెరికా పద్ధతిలో నడిచే బడుల్లో ఏడాదిని మామూలుగా మూడు ఆటకాలాలుగా విడగొడతారు. ఒక కాలంలో ఫుట్‌బాల్, వాలీబాల్, తర్వాత బాస్కెట్‌బాల్, ఆ తర్వాత పరుగు పందేలు, బ్యాడ్మింటన్ లాంటివి. ప్రతి కాలానికీ వయసుల వారీగా జట్లు కట్టాలి. చుట్టుపక్కల బడులతో ఉత్తరాలు నడిపి పోటీల తేదీలు కుదర్చాలి. బస్సు మాట్లాడాలి. ప్రతి పిల్లకూ ఇంటి నుంచి అనుమతి కాగితం, మందులు పడని పిల్లల జాబితా, ఆస్తమా ఉన్నవాళ్ల పంపు ఎవరి సంచిలో ఉందో, ఇవన్నీ రాసిపెట్టాలి. అంపైర్లను పిలవాలి. వాన వస్తే మారు తేదీ వెతకాలి. బంతులకు గాలి, సూది, పంపు, వల, చున్నం, నీళ్ల డబ్బా, ఐసు చూసుకోవాలి. హాస్టల్ పిల్లలు ఆట ముగిసి ఆలస్యంగా వస్తే వాళ్లకు అన్నం ఉంచమని ముందే వంటింట్లో చెప్పాలి. మేము గుమాస్తాగా ఏళ్లు గడిపినవాళ్లం, ఈ జాబితా చూడగానే మాకు నవ్వు వచ్చింది. ఇందులో సగానికి పైగా గుమాస్తా పనే. రిజిస్టరు సరిగ్గా పెట్టలేనివాడు ఎంత గొప్ప ఆటగాడైనా ఈ ఉద్యోగంలో నెల తిరగకుండానే అల్లాడిపోతాడు.

మిగతా సగం రిజిస్టరులో పట్టదు. జట్టులో చోటు దొరకని పిల్లకు ఆ మాట ఎలా చెప్పాలి? ఓడిన ఆట గురించి ఒక తండ్రి గొంతు పెంచితే ఏమనాలి? ఒక బడి ఆదివారం ఫైనల్ పెడితే వెళ్లాలా, మానాలా? ఇలాంటి పనికి వందేళ్లకు మించిన చరిత్ర ఉంది, అందులో మంచీ ఉంది, చెడూ ఉంది.

ముందు అంతగా మెచ్చలేనిది చెబుతాం. సెసిల్ టిండేల్ బిస్కో అనే ఆంగ్లేయుడు 1890లో శ్రీనగర్ మిషన్ బడికి వచ్చారు. కేంబ్రిడ్జిలో పడవ పందెం జట్టుకు చుక్కాని పట్టిన మనిషి. 1891లో ఆయన ఒక తోలు బంతి తెచ్చి పిల్లల ముందు పెట్టారు. వాళ్లలో చాలామంది పండితుల ఇళ్ల పిల్లలు, తోలు ముట్టరు. ఆయన వినలేదు. కర్రలు పట్టిన ఉపాధ్యాయులను వెనక నిలబెట్టి పిల్లలను మైదానానికి తోలుకుపోయారు. బంతి ఒక అబ్బాయి మూతికి తగిలింది, మైల పడ్డానని వాడు ఏడ్చాడు. కాలువలో కడుక్కుని రమ్మని పంపి ఆట కొనసాగించారు. ఆయన గురించి రాసేవాళ్లు దీన్ని గొప్ప కథగా చెబుతారు. ఆ బడి పిల్లలు తర్వాత ఈత నేర్చి మునిగేవాళ్లను కాపాడిన మాటా, ఊళ్లో వరదలు, జబ్బులు వచ్చినప్పుడు సేవ చేసిన మాటా నిజమే. అయినా ఏడుస్తున్న పిల్లవాడి వెనక కర్ర పట్టుకుని నిలబడటం మాకు నచ్చదు. నేటి ఏ అంతర్జాతీయ బడిలోనైనా అలా చేసిన ఉపాధ్యాయుడు మర్నాడు ఉద్యోగంలో ఉండడు.

ఇక రెండో దారి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. శిక్షణ బడిలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడికి ఒక చిక్కు వచ్చింది. బయట చలి, లోపల పద్దెనిమిది మంది చిరాకు పట్టిన విద్యార్థులు, ఇరుకు గది. ఆయన రెండు పీచు పండ్ల బుట్టలు తెప్పించి గోడ పైన పది అడుగుల ఎత్తున కొట్టించి, పదమూడు నియమాలు రాసి అంటించారు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్నది అందులో ముఖ్యమైనది. పరుగెత్తితే ఇంకొకడు పట్టి పడేస్తాడు, ఇరుకు గదిలో ఎముకలు విరుగుతాయి. అదే బాస్కెట్‌బాల్. నాలుగేళ్లకు, 1895లో, దగ్గర్లోని హోల్యోక్ ఊళ్లో విలియం మోర్గన్ ఇంకా మెత్తటి ఆట కావాలని వాలీబాల్ తయారు చేశారు. ఈ రెండు ఆటలూ ఎవరో క్రీడా వీరులు కనిపెట్టినవి కావు. చోటు తక్కువ, పిల్లలు ఎక్కువ అన్న ఇబ్బందిలో ఆటల బాధ్యత మోసేవాళ్లు చేసుకున్న ఏర్పాట్లు.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ మద్రాసు వచ్చి 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టారు. ఆసియా ఖండంలోనే ఆ తరహాలో మొదటి కళాశాలగా దానికి పేరు. అప్పుడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. మన తాతలు 'డ్రిల్లు మాస్టరు' అని పిలిచిన మనిషి ఈల, తెల్ల చొక్కా, నియమాల పుస్తకం పట్టుకుని బళ్లకు రావడం వెనక ఆ కళాశాల చేయి ఉంది. బక్ స్వయంగా ఆటల నియమాలన్నీ ఒక పుస్తకంగా కూర్చారు. ఊరికో నియమం ఉంటే రెండు ఊళ్ల మధ్య పోటీ జరగదు, తగాదా జరుగుతుంది. 1943లో చనిపోయేదాకా ఆయన మద్రాసులోనే ఉన్నారు. బక్ చేసినది బిస్కోకు పూర్తిగా వేరు. పిల్లలను తోలడం కాదు, ఇక్కడి మనుషులకే ఆ పని నేర్పి వాళ్ల చేతిలో పెట్టడం.

మహారాష్ట్రలో స్థిరపడ్డ తెలుగువాళ్లం కాబట్టి ఇక్కడ సి.కె. నాయుడు గారి మాట ఎత్తకుండా ఉండలేం. 1895లో నాగపూర్‌లో పుట్టి, అక్కడి హిస్లాప్ మిషన్ బడిలో చదివిన తెలుగాయన. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు కొట్టారు, 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ అయ్యారు. మిషన్ బడి వల్లే ఆయన ఆటగాడయ్యారని మేము అనం, ఆయన ఇంట్లోనే క్రికెట్ ఉంది. కానీ చదువుకునే బడి ఆటను చదువుకు శత్రువుగా చూడకపోవడం ఒక పిల్లవాడికి ఎంత మేలో ఊహించుకోవచ్చు.

ఈ పని గురించి ఒక్క మనిషి కథ మాత్రమే చెప్పమంటే మేము ఎరిక్ లిడెల్ కథ చెబుతాం. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమా వల్ల ఆయన పేరు కొందరికి తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు హీట్లు ఆదివారం పడ్డాయని ఆయన అందులో పరుగెత్తలేదు. నాలుగు వందల మీటర్లకు మారి 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచారు. (అదే ఒలింపిక్స్‌కు మన దేశపు జట్టును వెంటబెట్టుకుని వెళ్లినది మద్రాసు బక్ గారే.) సినిమా అక్కడితో ఆగుతుంది. అసలు సంగతి ఆ తర్వాతది. ఆయన పుట్టింది చైనాలో, మిషనరీల ఇంట. ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1925లో, చైనా తిరిగి వెళ్లి తియెన్‌సిన్‌లోని ఆంగ్లో చైనీస్ కళాశాలలో సైన్సు పాఠాలు చెబుతూ ఆటలు చూసుకున్నారు. పేరూ డబ్బూ వచ్చే వేళ అలా వెళ్లిపోయిన కొడుకును చూసి ఆ కాలపు పెద్దలు కూడా మన పెద్దల్లాగే నోరు నొక్కుకుని ఉంటారు.

యుద్ధం వచ్చింది. 1941లో భార్యను, ఇద్దరు కూతుళ్లను కెనడా పంపించారు. మూడో కూతురు అక్కడే పుట్టింది, ఆయన చూడలేదు. 1943లో జపాను సైన్యం ఆయనను వైషిన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. ఒకప్పటి మిషన్ ఆవరణ అది, పదిహేను వందలకు పైగా మనుషులను కుక్కారు. పైన చెప్పిన చీఫూ బడి పిల్లలు, ఉపాధ్యాయులు కూడా అదే ఏడాది ఆ గోడల లోపలికి వచ్చారు. చాలామంది పిల్లల తల్లిదండ్రులు ఎక్కడో దూరాన ఉన్నారు. లిడెల్ పొద్దున పాఠాలు చెప్పి, సాయంత్రాలు ఆ పిల్లలకు హాకీ, సాఫ్ట్‌బాల్, పరుగు పందేలు పెట్టేవారు. హాకీ కర్రలు విరిగితే కొత్తవి దొరకవు, దుప్పటి గుడ్డలు చింపి చుట్టి బాగుచేసేవారు. పిల్లలు ఆయనను 'అంకుల్ ఎరిక్' అనేవారు.

ఆదివారం ఆటలు పెట్టనని శిబిరంలోనూ మొదట అన్నారు. విసుగెత్తిన పెద్ద పిల్లలు ఒక ఆదివారం తామే హాకీ పెట్టుకున్నారు. రెఫరీ లేడు, ఆట కొట్లాటగా మారింది. మరుసటి ఆదివారం లిడెల్ ఈల పట్టుకుని మైదానంలోకి వచ్చి నిలబడ్డారు. ఒలింపిక్ పతకం కోసం, దేశం మొత్తం ఒత్తిడి చేసినా సడలించని నియమాన్ని, తల్లిదండ్రులకు దూరమైన నలుగురు పిల్లలు కొట్టుకోకుండా ఉండటం కోసం సడలించుకున్నారు. 1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో ఆ శిబిరంలోనే చనిపోయారు, నలభై మూడేళ్లు. మరో ఆరు నెలలకు శిబిరం తలుపులు తెరుచుకున్నాయి.

కాగితం పట్టుకుని వచ్చే అబ్బాయి చేయబోయేది ఏమిటో తండ్రికి అర్థం కావాలంటే ఈ కథ చాలనుకుంటాం. పతకం గెలిచిన మనిషి పతకాల కోసం పిల్లలను ఆడించలేదు.

పతకాల కోసం కాకపోతే పోటీ ఎలా పెట్టాలి? ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, మాకు ఇష్టమైన భాగం. పదహారు కబడ్డీ జట్లు వచ్చాయనుకోండి. ఓడితే ఇంటికే అన్న నాకౌట్ పద్ధతిలో మొత్తం పదిహేను ఆటలతో కప్పు తేలిపోతుంది. ఎక్కడైనా చేసేది అదే, త్వరగా అవుతుంది, ముఖ్య అతిథి కూడా త్వరగా వెళ్లిపోవచ్చు. కానీ మొదటి విడతలోనే ఎనిమిది జట్లు ఒక్క ఆట ఆడి వెళ్లిపోతాయి. వాళ్లెవరు? ఎక్కువ ఆడాల్సిన అవసరం ఉన్నవాళ్లే. అదే నాలుగేసి జట్లు చొప్పున నాలుగు గుంపులు చేసి, గుంపులో ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడితే గుంపుకు ఆరు ఆటలు, మొత్తం ఇరవై నాలుగు. రెండు సెమీఫైనళ్లు, ఒక ఫైనలు కలిపితే ఇరవై ఏడు. ఏ జట్టుకైనా మూడు ఆటలు ఖాయం. చిన్న పిల్లలకు ఒక్కో ఆట, జట్లు మారే సమయంతో సహా, ఇరవై నిమిషాలు అనుకుంటే తొమ్మిది గంటలు. రెండు కోర్టులు గీస్తే ఒక్క రోజులో అయిపోతుంది, ఒక్కటే ఉంటే రెండు ఆదివారాలు. మంచి ఆటల కోఆర్డినేటర్ ముందు ఈ లెక్క వేసుకుని, తర్వాతే కప్పు కొంటాడు.

చోటు మాట కూడా లెక్కలోకే వస్తుంది. భివండీలో మైదానం లేదన్న మాట మనం తరాలుగా అంటున్నాం. నిజమే, ధోబీ తలావ్ స్టేడియం దాకా చిన్న పిల్లలను ఎవరు తీసుకెళ్తారు? తల్లి కండెలు చుట్టాలి, తండ్రి సాంచల మీద పన్నెండు గంటల పాళీ. అయితే ఫుట్‌బాల్ మైదానం గీతల వరకు సుమారు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. మొదటి దాని విస్తీర్ణం రెండోదానికి నలభై రెట్లకు పైగా. పిల్లల కబడ్డీకి ఇంకా తక్కువ చాలు. మనవి కాని ఆటలు తేవాల్సిన పని కూడా లేదు. కబడ్డీ, ఖోఖో, మల్లఖంబ్ మన మహారాష్ట్రలోని అమరావతి వ్యాయామశాల వాళ్లు 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వేళ ప్రపంచం ముందు ఆడి చూపించారు. నైస్మిత్‌కు ఉన్న గది మన కార్పొరేషన్ బడి వాకిలి కంటే పెద్దదేమీ కాదు. లోటు చోటుది కొంతే, ఏర్పాటు చేసే మనిషిది ఎక్కువ. అందుకే రెండేళ్లు అలాంటి పని చేసి తిరిగివచ్చే పిల్లలు మనకు కావాలి అని మా అభిప్రాయం.

ఇక కాగితాల సంగతి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

జీతం ముందు. ఇలాంటి బడుల్లో రెండు పద్ధతులున్నాయి. కొన్ని బడులు అక్కడి రేటుకు జీతం ఇస్తాయి. చాలా మిషన్ బడుల్లో మాత్రం సేవకు వచ్చేవాళ్లు తమ ఖర్చు తామే సమకూర్చుకోవాలి, అంటే బయల్దేరేముందే తమ చర్చి, బంధువులు, స్నేహితుల నుంచి నెలనెలా ఇంత ఇస్తామని మాట తీసుకోవాలి. చందాలెత్తి ఉద్యోగమా అని మనకు వింతగా అనిపిస్తుంది. వాళ్ల లోకంలో అది నామోషీ కాదు, పాత పద్ధతి. కానీ చెల్లెలి పెళ్లికి కొడుకు సంపాదన మీద లెక్కలు వేసుకున్న ఇంటికి ఇది సరిపడదు. ఆ విషయం టికెట్టు కొన్నాక కాదు, ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

రెండోది విశ్వాసం. ఆ బడులు ఉద్యోగులతో విశ్వాస ప్రకటన మీద సంతకం చేయించుకుంటాయి. క్రైస్తవ ఇళ్ల పిల్లలకు ఇందులో ఇబ్బంది ఉండదు. మార్కండేయుడికి మొక్కే ఇంటి అబ్బాయి విదేశం మోజులో నమ్మనిదాని కింద సంతకం పెట్టడం వాడికీ మంచిది కాదు, ఆ బడికీ మంచిది కాదు. వ్యాయామ ఉపాధ్యాయులను తీసుకునే మామూలు అంతర్జాతీయ బడులు వేరే ఉన్నాయి, అక్కడ ప్రయత్నించాలి.

పోలీసు క్లియరెన్సు అడిగారని ఒక తల్లి మా దగ్గర నొచ్చుకున్నారు, "మా వాడి మీద అనుమానమా?" అని. అనుమానం కాదు. పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరినీ అడుగుతారు. పిల్లతో పెద్దవాళ్లు ఒంటరిగా గదిలో ఉండకూడదని, బస్సులో ఇద్దరు పెద్దలు ఉండాలని, ఫోటో తీయడానికి అనుమతి కావాలని నియమాలుంటాయి. నిజానికి ఇవేవీ అడగని బడి ఉంటే దాన్నే అనుమానించాలి.

ఒప్పందంలో చూడాల్సినవి ఇవి: రానుపోను టికెట్టు ఎవరిది, ఆరోగ్య బీమా ఉందా, వారానికి ఎన్ని గంటలు, హాస్టల్ డ్యూటీ కూడా మీద పడుతుందా, మధ్యలో జబ్బు చేస్తే ఎవరు పంపిస్తారు, పని వీసానా వేరేదా. టూరిస్టు వీసా మీద వచ్చేయ్, తర్వాత మారుస్తాం అంటే కదలవద్దు. పాస్‌పోర్టు తమ దగ్గర పెట్టుకుంటామన్నా ఒప్పుకోవద్దు. పదో తరగతి పాసైన సర్టిఫికెట్టు చూపితే పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. ముద్ర పడదు, గల్ఫ్‌కూ మలేషియాకూ వెళ్లేవాళ్లకు ఇది ముఖ్యం. చదువు సర్టిఫికెట్లకు విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర అడగవచ్చు, దానికి ముందు రాష్ట్రం స్థాయిలో ధ్రువీకరణ కావాలి. డిగ్రీ తెలంగాణ యూనివర్సిటీది అయితే ఆ పని హైదరాబాదులో జరగాలి, ముంబయిలో కాదు. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడే చేయించుకుంటే ఒక ప్రయాణం తప్పుతుంది. సర్టిఫికెట్టులో ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు అక్షరం అక్షరం కలవాలి. మన దగ్గర తండ్రి పేరు మధ్యలో చేర్చే మరాఠీ అలవాటు వల్ల సగం ఫారాలు అక్కడే తిరిగివస్తాయి.

ఒప్పంద పత్రం ఇంగ్లీషులో ఉండి అర్థం కాకపోతే నకలు తీసుకుని ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి. అసలు కాగితం ఇంట్లోనే ఉంచండి. పిల్లవాడిని కూడా వెంట తీసుకురండి, మేము అడిగేవి చాలావరకు వాడినే అడగాలి.